కొపిలె అంటే ఆడపిల్ల

ఊట దగ్గర రాతి పలక మీది గుడ్డ లాగినప్పుడు బ్యాండువాళ్ళు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. అందుకని మా అక్క వెనేరా నవ్విన నవ్వు మొదట ఎవరికీ వినపడలేదు. బ్యాండు ఆగాక వినపడింది. అది మంచి నవ్వు కాదు.

"ఎర్మన్నో, ఇక్కడ జర్మన్‌లో ఏం చెక్కించావో నీకేమైనా తెలుసా?" అంది, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని.

ఉపమేయరు ఎర్మన్నో భుజం మీది మూడురంగుల పట్టీ సర్దుకున్నాడు. "ఊట పేరే కదా. మన మాటలో ఒకటి, ఇటాలియన్‌లో పటాల్లో ఉన్న పేరు ఒకటి, వచ్చిపోయేవాళ్ళ కోసం ఇంగ్లీషూ జర్మనూ. నాలుగు భాషలు! పక్క ఊరివాళ్ళకి రెండే."

"రంకుబిడ్డల ఊట అని రాశావు నాయనా. ఇంగ్లీషులోనూ అదే."

బ్యాండు మేళంలో ట్రంపెట్ కుర్రాడు ఫక్కుమన్నాడు. ఎవరో ఊరుకోమన్నారు. అమ్మమ్మ సెరఫీనా ఒక చేత్తో జుస్తీనాని పట్టుకుని నా పక్కనే ఉంది. జుస్తీనా మా అక్క కూతురు, ఆరేళ్ళది. "ఏమంటోందే మీ అక్క?" అని అమ్మమ్మ అడిగింది. నేను చెప్పలేదు. వెనక నిలబడ్డ కోస్తా లాలా, అంటే కోస్తా బాబాయి, చెప్పాడు, చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేంత మెల్లగా.

అమ్మమ్మ పలక వంక చూసింది. ఆవిడకి ఆ రెండు భాషలూ రావు. అయినా చాలాసేపు చూసింది.

మా ఊరి మాటలో ఆ ఊటని కొపిలెల ఊట అంటారు. కొపిలె అంటే ఆడపిల్ల. ఇళ్ళలోకి కొళాయిలు రాకముందు పెళ్ళికాని పిల్లలు బిందెలు తీసుకుని అక్కడికే వెళ్ళేవారు. వాళ్ళని చూడ్డానికి మగపిల్లలు అవసరం లేకపోయినా గాడిదలకి నీళ్ళు పట్టించేవారు. పేరు వెనక ఉన్న కథంతా అదే. మా పెద్దలు అల్బేనియా తీరం వదిలి ఇటలీలోని ఈ కాలాబ్రియా కొండల మీదికి వచ్చి అయిదు వందల ఏళ్ళు దాటింది. అదే మాట అక్కడ ఉండిపోయినవాళ్ళ నోట ఇంకో రకంగా తిరిగింది. అక్కడ కొపిలె అంటే తండ్రి ఎవరో చెప్పలేని బిడ్డ. రెండు ఒడ్డుల మీద ఒకే మాటకి రెండు బతుకులు. అందులో వింతేమీ లేదు. ఆ ఒడ్డు మాట తెచ్చి మా రాతి మీద చెక్కడమే అన్యాయం.

మర్నాడు ఉదయం ఎర్మన్నో నేను పనిచేసే రొట్టెల కొట్టుకి వచ్చాడు. ఎప్పుడూ కొనే రొట్టె అడగకుండా ముందే మొదలుపెట్టాడు.

"మీ అక్క నన్ను అందరి ముందూ అలా అనడం ఏం బాగాలేదు తెక్లా. మేమేం గాలికి రాయించలేదు. కొసెంజాలో అనువాదం చేసే అమ్మాయి నిఘంటువు చూసే రాసింది. నెట్‌లో ఉంది. అందరూ కలిసి రాసే నిఘంటువు అట. కావాలంటే చూసుకో."

"తెలుసు. అందులో ఆ మాట పెట్టింది నేనే."

అతని మొహం వెలిగింది. "నువ్వే పెట్టావా! మరి నన్నంటారేం?"

"నేను ఆడపిల్ల అని పెట్టాను. ఎవరో మార్చారు."

"ఎవరో మారిస్తే నన్నేం చెయ్యమంటావు? నాకు మన మాట అంతగా రాదని నీకూ తెలుసు."

వరుసలో ఉన్న రొజారియా పిన్ని సంచీ చంక మార్చుకుంది. "మీ అమ్మ నిన్ను చెప్పు పట్టుకుని తరిమినప్పుడు ఏ భాషలో తిట్టేదిరా? అప్పుడు మాత్రం బాగానే అర్థమయ్యేదే, గోడ దూకేవాడివి."

కొట్టంతా నవ్వింది. ఎర్మన్నో కూడా నవ్వాడు, నవ్వక తప్పదు కాబట్టి. పలక సంగతి వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అని, రొట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. వచ్చే బడ్జెట్ అంటే మా ఊళ్ళో రాని రోజు అని అర్థం. దాన్ని ఏ నిఘంటువులోనూ ఎవరూ చేర్చలేదు.

నేను మాట్లాడేది తక్కువ. కొట్టులో నిలబడి వినేది ఎక్కువ. రెండేళ్ళ క్రితం చలికాలంలో ఆ నిఘంటువు నా కంటపడింది. మా భాష పేరుతో ఒక విభాగం ఉంది, దాంట్లో మాటలు బహు కొద్ది. మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్కటీ పెట్టడం మొదలుపెట్టాను. మాట, దాన్ని పలికే తీరు, అర్థం, ఒక వాక్యం. కింద మిగతా భాషల్లో దానికి సరిపోయే మాట. ఇటాలియన్ నాకు వచ్చు. ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నంత వచ్చు. జర్మన్ మా అక్క చెప్పేది. తను స్టుట్‌గార్ట్‌లో హోటల్ వంటింట్లో నాలుగేళ్ళు చేసింది. జుస్తీనాని కడుపులో పెట్టుకుని తిరిగొచ్చింది. ఆ పిల్ల తండ్రి గురించి మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అమ్మ తూరిన్ నుంచి ఫోన్‌లో ఒకసారి అడిగి ఊరుకుంది. అమ్మమ్మ అయితే పుట్టిన రోజునే పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండలో మొహం చూసి, "కొపిలె!" అంది. ఆ తర్వాత జుస్తీనా అన్న పేరు బడివాళ్ళకీ డాక్టరుకీ మాత్రమే. ఇంట్లో అది కొపిలె.

సగం తెలిసిన మాట నేనెప్పుడూ పెట్టలేదు. అనుమానం ఉంటే కొట్టులో ఆ మాట ఎవరైనా తమంతట తాము అనేదాకా ఆగేదాన్ని. కొన్నిటికి నెలలు పట్టేది. కొపిలె విషయంలో ఆగాల్సిన పనే లేకపోయింది. రోజూ నా చెవిన పడేదే.

పలక తెరిచిన రోజు మధ్యాహ్నం ఆ పేజీ పాత మార్పులన్నీ చూశాను. మార్చిలో నేను రాసింది ఉంది. ఏప్రిల్‌లో కోర్వో అనే పేరుతో ఒకరు ఆ పేజీలో మా భాష విభాగం తీసేసి అల్బేనియన్ కింద కలిపేశారు. కోర్వో అంటే కాకి. ఏ ఊరో, ఆడో మగో తెలియదు. నా మనసులో మాత్రం మగవాడిగానే ఉండిపోయాడు. మార్పు పక్కన కారణం రాశాడు: "ప్రామాణిక భాషలో ఈ అర్థం లేదు. మాండలికపు తప్పు. సరిదిద్దాను."

తప్పు! మా అమ్మమ్మ నోట, వాళ్ళ అమ్మ నోట, ఊట దగ్గర బిందెలతో నిలబడ్డ పిల్లలందరి నోటా తప్పు. వాళ్ళెవరికీ తెలియని సంగతి ఈ కాకికి తెలిసింది.

చర్చ పేజీలో రాశాను: "ఇది తప్పు కాదు. మా భాషలో దీని అర్థం ఇదే. ఇప్పటికీ అంటాం."

గంటలోపే జవాబు. "ఎవరంటారు?"

"మా అమ్మమ్మ."

"మీ అమ్మమ్మ ఆధారం కాదు. అచ్చులో వచ్చింది గానీ, రికార్డు అయింది గానీ చూపండి." చివర ఒక నవ్వుముఖం పెట్టాడు.

ఆ నియమం నాకూ తెలుసు. అది మంచి నియమమే. లేకపోతే ఎవరి అమ్మమ్మ పేరు చెప్పి ఎవరైనా ఏదైనా రాసేస్తారు. కోర్వో కూడా మోసగాడేమీ కాదు. అతను దిద్దిన వందల మాటలు తిరగేశాను. చాలా వరకు సరిగ్గానే దిద్దాడు. నన్ను మండించింది అదే. అంత జాగ్రత్త గల మనిషి మా విభాగం చెరిపేటప్పుడు ఒక్క ఆధారం అడగలేదు. మేం తిరిగి అందులోకి రావాలంటే మాత్రం ఆధారం కావాలి.

రికార్డింగ్ ఎంతసేపు, రేపో ఎల్లుండో అమ్మమ్మ పిల్లని పిలుస్తుంటే ఫోన్ నొక్కితే చాలు అనుకున్నాను. ఆ వారం కొట్టులో పని ఎక్కువై వాయిదా పడింది. తర్వాత జులై వచ్చింది. ఊళ్ళోవాళ్ళ మనవలు సెలవలకి తూరిన్ నుంచీ మిలాన్ నుంచీ దిగారు.

మా ఇళ్ళ మధ్య చిన్న ఆవరణ ఉంది. చుట్టూ నాలుగైదు గుమ్మాలు, సాయంత్రం గుమ్మానికొక కుర్చీ. దాన్ని జితోనియా అంటాం. ఒక ఇంట్లో ఉల్లిపాయ వేగితే ఏ కూరో మిగతా ఇళ్ళకి తెలిసిపోతుంది. తూరిన్ పిల్లలు అక్కడే బంతి ఆడేవాళ్ళు. ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి ముందు జుస్తీనా లోపలికి వచ్చింది. ఏడవడం లేదు. గుమ్మంలో నిలబడి కాలి మడమతో రెండో కాలు గోకుతోంది.

"పిన్నీ, రంకుబిడ్డ అంటే ఏంటి?"

"ఎవరన్నారు?"

"వాళ్ళ ఫోన్‌లో ఉందిట. కొపిలె అని కొడితే అదే వచ్చిందిట. ఊట దగ్గర రాయి మీద కూడా ఉందిట." కాలు గోకడం ఆపి, "నాకు నాన్న లేడు కాబట్టే తాతమ్మ నన్నలా పిలుస్తుందిట. నిజమేనా?" అంది.

వెనేరా అప్పటికే బయటికి వెళ్ళిపోయింది. ఆవరణలో ఆమె గొంతు వినపడింది. తర్వాత రొజారియా పిన్ని గొంతు, ఆ పైన తూరిన్ పిల్లల తల్లి గొంతు. "చిన్నపిల్లలు, తెలియకన్నారు వెనేరా!" "తెలియకే అంటే ఫోన్ తీసి చూపించి మరీ అంటారా? వాళ్ళకి చదువొచ్చని మురిసిపో!"

అమ్మమ్మ పొయ్యి దగ్గర చిక్కుడు గింజలు ఒలుస్తోంది. తలెత్తలేదు. నేను జుస్తీనాని దగ్గరికి తీసుకుని అది అబద్ధమనీ, కొపిలె అంటే ఆడపిల్ల అనీ, పిన్ని కూడా కొపిలేననీ చెప్పాను. పిల్ల తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

గిన్నెలు బల్ల మీద పెట్టాక అమ్మమ్మ పిలిచింది. "బంబీనా, వియేని. రా, తిను."

పాపా, రా, అని టీవీలో ఇటాలియన్ ఆవిడలాగా అంది. జుస్తీనా వెనక్కి తిరిగి చూసింది, ఇంట్లోకి ఇంకెవరైనా పిల్ల వచ్చిందేమోనని.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు భాషలు మొదలయ్యాయి. మాతో అమ్మమ్మ ఎప్పటిలాగే మాట్లాడేది. పిల్లతో ఇటాలియన్. ఆవిడ ఇటాలియన్ సంతలోదీ, ఆసుపత్రిలోదీ. అందులో లాలిపాటలు లేవు, తిట్లు లేవు. ముద్దు చెయ్యాలంటే మాట దొరక్క పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఊరుకునేది. దొరికిన మాటలు కూడా డాక్టరుతో మాట్లాడినట్టే ఉండేవి. జుస్తీనా కూడా నెమ్మదిగా తాతమ్మతో తక్కువ మాట్లాడడం మొదలుపెట్టింది. నేను ఇద్దరినీ చూస్తూ ఉండేదాన్ని. చూడడం తప్ప ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ బల్ల మీద పెట్టి అడిగాను. "అమ్మమ్మా, ఒకసారి జుస్తీనాని పిలువు."

"ఎందుకు? అక్కడే ఉందిగా."

"ఊరికే. మునుపటిలా పిలువు."

"మునుపెలా పిలిచానే?"

"నీకు తెలుసు."

"తెలియదు. మర్చిపోయా. ఈ వయసులో మర్చిపోకూడదని ఎక్కడైనా రాసుందా? నీ నిఘంటువులో చూడు."

"అమ్మమ్మా, అది మన మాట. ఆ అర్థం మనది కాదు. నువ్వు ఒక్కసారి అంటే నేను అందరికీ చూపిస్తాను."

ఆవిడ తన ఏప్రన్ కొంగు తీసి ఫోన్ మీద కప్పింది, చనిపోయినవాళ్ళ మొహం మీద కప్పినట్టు. "మీ అక్క తలెత్తుకుని తిరుగుతోంది. తిరగనీ. దాని కూతురికి తండ్రి పేరు లేదు. ఆ సంగతి మనకి తెలుసు, ఊరికి తెలుసు, ఎవరూ అనలేదు. ఇప్పుడు నా నోట్లోంచి ఆ మాట వెళ్ళి పిల్ల మీద పడాలా?"

"పడదు. అర్థం అది కాదు."

"రాతి మీద ఉంది కదే," అంది.

ఆగస్టు పండక్కి ఊళ్ళో గోడలన్నిటికీ సున్నం వేస్తారు. వెనేరా బక్కెట్టూ కుంచె పట్టుకుని నడిపగలు ఊట దగ్గరికి వెళ్ళి, పలక మీద కింది రెండు వరుసలకీ మందంగా రెండు పూతలు వేసింది. మున్సిపల్ పోలీసు కోస్తా లాలాయే. ఫిర్యాదు అందిందని మా ఇంటికి వచ్చాడు, కాఫీ తాగాడు. "సున్నం చెయ్యి జారిందని రాసుకోనా?" అన్నాడు. "ఏం జారలేదు లాలా, గురి చూసే వేశాను," అంది అక్క. "అయితే గాలి వేసిందని రాస్తాలే," అని వెళ్ళిపోయాడు. పండగ అయిన వారానికి వాన పడింది. సున్నం కారిపోయింది. అక్షరాల గాళ్ళలో మాత్రం తెల్లగా నిలిచింది. ఇంతకుముందు కంటే బాగా కనపడసాగాయి.

అమ్మమ్మ అనకపోతే మరి అచ్చులో ఎక్కడుంది? ఉంది. ఈస్టర్ తర్వాతి మంగళవారం ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఊరంతా తిరుగుతూ పాడే పాటలు చర్చివాళ్ళు ఏటా అచ్చేసి పంచుతారు. మొదటి పాటలోనే ఉంది ఆ మాట, ఆడపిల్లల్ని నాట్యానికి రమ్మని పిలిచేచోట. శుభ్రంగా ఉన్న పాత ప్రతి కోసం ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బీరువాలోంచి తీసిచ్చి, "ఇన్నేళ్ళూ నేనిది ఆడపిల్లల పాట అనే పాడించాను తెక్లా. ఎర్మన్నోని అడిగి పాడించాల్సిందేమో," అన్నారు.

మూడు పాటల ప్రతులు ఫొటో తీసి, ఏ ఏట అచ్చయినవో రాసి, పెట్టాను. కోర్వో మర్నాడే ఒప్పుకున్నాడు. మా భాష విభాగం మళ్ళీ తెచ్చి పెట్టాడు. కొపిలె: ఆడపిల్ల, పెళ్ళికాని యువతి. "మంచి ఆధారాలు, ధన్యవాదాలు," అన్నాడు.

అర్థం ముందు కుండలీకరణంలో చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చాడు. "వాడుకలో లేదు."

ఎందుకని అడిగాను. "మీరు చూపినవి పాత పాటలు. పాటల్లో చచ్చిన మాటలు కూడా ఉంటాయి. ఈ రోజుల్లో ఎవరైనా అంటున్నారనడానికి ఆధారం లేదు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అది చెరపడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క నొక్కు. వేలు అక్కడ పెట్టాను కూడా. కానీ నొక్కే ముందు ఏ మాటకైనా వేసుకునే ప్రశ్న ఈ మాటకీ వేసుకున్నాను. ఎవరంటున్నారు? కొట్టులో నిలబడి వారం రోజులు విన్నాను. ఊట గురించి మాట్లాడేవాళ్ళు "పై ఊట" అంటున్నారు. మనవరాళ్ళని పిలిచే ముసలమ్మలు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఒకామె ఆ మాట మొదటి అక్షరం దాకా వచ్చి, పక్కనున్న తూరిన్ కోడల్ని చూసి, నాలుక మడతపెట్టుకుంది. మా ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు.

జూన్‌లో వాళ్ళు రాతి మీద రాసింది అబద్ధం. ఆగస్టు ఆఖరికి ఆ అబద్ధమే ఇంకో అబద్ధాన్ని నిజం చేసి పెట్టింది. ముందు మాటని చంపారు, తర్వాత వచ్చి చచ్చిందని మర్యాదగా రాశారు. ఆ రాతని చెరిపే హక్కు కూడా నాకు లేకుండా చేశారు, ఎందుకంటే నేను తెలియనిది రాయను. నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. కేకలు వేసే అలవాటు లేనివాళ్ళకి కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం జితోనియాలో అందరూ ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చుతున్నారు. అమ్మమ్మ, రొజారియా పిన్ని, ఇంకో ఇద్దరు. తూరిన్ పిల్లల తల్లి కూడా కుర్చీ వేసుకుని కూర్చుంది, వాళ్ళు ఆదివారం వెళ్ళిపోతారు. జుస్తీనా కింది మెట్ల దగ్గర పిల్లితో ఆడుతోంది. భోజనం వేళయింది.

నేను గుమ్మంలోంచి బయటికి వచ్చి పిలిచాను.

"కొపిలె!"

రొజారియా పిన్ని చేతిలో సూది మిరపకాయలో సగం దిగి ఆగింది. జుస్తీనా తల తిప్పింది, నా వైపు కాదు, తాతమ్మ వైపు.

"కొపిలె!" ఈసారి నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎదుటి గోడకి తగిలి తిరిగి వచ్చింది. ఎవరింట్లోనో కిటికీ తెరుచుకుంది. పిల్ల కదల్లేదు. నేను మళ్ళీ పిలిచాను, ఇంకా గట్టిగా.

అమ్మమ్మ ఒళ్ళో మిరపకాయలు కిందికి దులిపి లేచింది. మొహం ఎర్రబడింది. "ఏంటే ఆ అరుపు? కొంప అంటుకున్నట్టు! రోజంతా నోట్లో నాలుక లేనట్టుంటావు, ఇవాళ వీధి వీధంతా వినాలా? ఇంత వయసొచ్చినా ఇంగితం లేదు, సిగ్గుమాలిన కొపిలె!"

తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆవిడకి మాట పూర్తయ్యాక గానీ తెలియలేదు. చెయ్యి నోటి దాకా వెళ్ళింది.

రొజారియా పిన్ని సూది పూర్తిగా దింపింది. "అబ్బో, సెరఫీనాకి గొంతు తిరిగొచ్చిందర్రా. జులై తర్వాత మళ్ళీ ఇప్పుడే తిట్టడం."

ఎవరో నవ్వారు. అమ్మమ్మ నోటి మీది చెయ్యి తీసి చుట్టూ చూసింది, ఒక్కొక్కరి మొహంలోకీ. తూరిన్ ఆవిడ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది.

"ఏం? ఏమన్నానిప్పుడు? నవ్వుతారేం? ఆడపిల్లని ఆడపిల్ల అన్నాను."

తూరిన్ ఆవిడ మిరపకాయల్లోకి తల దించుకుంది.

కింద మెట్ల దగ్గర నుంచి జుస్తీనా అడిగింది. "మరి నేను?"

అమ్మమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. కింద పడ్డ కాయలు ఏరి ఒళ్ళో వేసుకుంది. అప్పుడంది, పిల్ల వైపు చూడకుండానే, "నువ్వూ కొపిలెవే. పిల్లిని వదిలి చేతులు కడుక్కో. ఆ చేతులతో కళ్ళు నలుపుకున్నావంటే చూడు."

జుస్తీనా మెట్లెక్కి వచ్చింది.

నేను లోపలికి వెళ్ళి పేజీ తెరిచాను. ఫోన్‌లో ఏదీ రికార్డు కాలేదు. ఆ క్షణాన గుర్తే లేదు. "వాడుకలో లేదు" అన్నది చెరిపాను. కారణం అడిగేచోట మా ఊరి పేరు, ఆ రోజు తేదీ రాసి, "వీధిలో విన్నాను, నలుగురి ముందు" అని పెట్టాను. ఉదాహరణ వాక్యం గడిలో అమ్మమ్మ అన్న మాట ఉన్నదున్నట్టు రాశాను: ఆడపిల్లని ఆడపిల్ల అన్నాను. దాని కింద ఇటాలియన్, ఇంగ్లీషు.

అక్క తుడిచిన గిన్నె చేత్తో పట్టుకుని నా వెనక నిలబడి చదువుతోంది.

"కాకి మళ్ళీ వచ్చి చెరిపేస్తేనో?" అంది.

"మళ్ళీ రాస్తాను."

"జర్మన్ ఖాళీగా వదిలేశావేం?"

"నువ్వు చెప్తావని."

ఒక్కొక్క అక్షరం విడగొట్టి చెప్పింది, ఆ 'a' మీద రెండు చుక్కలు మర్చిపోకు అంది. రాసి చూపించాను. సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, "ఇప్పుడు అదే ఒక కాయితం మీద పెద్దగా రాసివ్వు," అంది. "రేపు పొద్దున్నే ఎర్మన్నో గుమ్మానికి అంటిస్తాను. వచ్చే బడ్జెట్ దాకా రోజూ చదువుకుంటాడు."